పడుగు మేరకు పన్ను

కడప జిల్లా, 1957

మహారాజశ్రీ పంచాయతీ ప్రెసిడెంటు గారి సముఖమునకు, మగ్గాల వీధి నేతగాడు నమస్కరించి చేసుకునే మనవి.

పోయినేడు మా వీధికి కంకర రోడ్డు వేయించారు. భూములూ మిల్లులూ ఉన్నవాళ్ల మీదే పన్ను వేసి, మగ్గాలవాళ్లను వదిలేశారు. ఆ మేలు మరిచిపోలేదు. మొన్న వానల్లో నా చెల్లెలిని కాన్పుకు బండిలో ఆసుపత్రికి చేర్చగలిగామంటే ఆ రోడ్డు వల్లనే.

అయితే ఒక ఇబ్బంది వచ్చింది. మగ్గానికి ఎక్కించే పడుగు దారాలను వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించడానికి మాకు వీధి తప్ప వేరే చోటు లేదు. తాతల నాటి నుంచీ పొద్దున్నే అక్కడే చేస్తున్నాం. నిన్న మిల్లు యజమాని గంగిరెడ్డి గారు శనక్కాయల లారీలో వచ్చారు. తడి పడుగు ఎత్తితే దారాలు అంటుకుపోతాయని, ఎండేదాకా ఆగమన్నాను. ఆయన కోప్పడలేదు. "ఏమప్పా, ఈ రోడ్డు మా పన్నుతో వేసిండేది. నువ్వేం కట్టినావని అడ్డం పెడతాండావు?" అన్నారు. పడుగు ఎత్తేశాను. అది చెడిపోయింది.

మా ఇంటామె అడిగింది: "మట్టి దోవగా ఉన్నన్నాళ్లు అందరిదీ. కంకర పడినాక వాళ్లదైపోయిండాదా?"

కాబట్టి దయచేసి మాకు కూడా పన్ను వేయండి. రోడ్డంతటికీ కట్టే శక్తి లేదు. పడుగు పరిచే వెడల్పుకు ఎంతవుతుందో అంత వేయండి. ఎట్లాగో కట్టుకుంటాం.

మిగిలిన రోడ్డు మీద మేము నడిచేందుకు మాత్రం గంగిరెడ్డి గారిని మీరే ఒక మాట అడిగి పెట్టండి.