దసరా సెలవులు తండ్రికి

సెప్టెంబర్ 18, గురువారం

విడాకుల కాగితాలు మళ్లీ తీసి చదివాను. నేనూ వేణూ ఒప్పుకుని కోర్టులో వేసినవి. మూడో పేజీ, ఆరో షరతు — "దసరా సెలవులలో పాప తండ్రి వద్ద, సంక్రాంతి సెలవులలో తల్లి వద్ద ఉండును." కింద నా సంతకం. గుండ్రంగా, ముద్దుగా పెట్టాను.

జులైలో సంతకం చేసేటప్పుడు దసరా అంటే నాకు జమ్మి ఆకు, పాలపిట్ట, మటన్. అవి వేణు పండగలే కదా, చేసుకోనీ అనుకున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆ సెలవుల్లోనే వస్తాయని వరంగల్‌లో పుట్టి పెరిగిన దానికి తట్టలేదు! ఎవరికైనా చెబితే నవ్విపోతారు. అందుకే నీకు చెబుతున్నాను.

సెప్టెంబర్ 20, శనివారం

వేణు వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. నేనూ లోపలికి రమ్మనలేదు.

"మూడు తారీఖు నాడు నేనే తోలుకొస్త."

పదమూడు రోజులు... నిత్యకు ఎనిమిదేళ్లు. పుట్టాక నన్ను విడిచి ఇన్ని రోజులు ఎప్పుడూ లేదు. పట్టు లంగా బ్యాగులో పెట్టాలా వద్దా అని గంటసేపు తిరిగి, చివరికి పెట్టాను. వేణు వాళ్ల ఊరు కేసముద్రంలో మా అత్త కడుతుంది, ఫొటోలు తీస్తారు, నేను ఫోన్లో చూసుకోవాలి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. మొదటి రోజు. ఇంటి ఓనరమ్మ పై నుంచి కేకేసింది — "పిల్ల లేదా? నువ్వన్న రా, ఒక్కదానివేం జేస్తవ్?" తలనొప్పి అన్నాను. తలుపేసుకున్నాను. చప్పట్లు తలుపేసినా వినిపిస్తాయి.

సెప్టెంబర్ 22, సోమవారం

మడికొండలో ఆఫీసు మెట్ల మీద నిలబడి లాయరమ్మకు ఫోన్ చేశాను. ముందు తిట్టింది. సంతకం పెట్టేటప్పుడు కండ్లు ఏడ వెట్టుకున్నవ్ అంది. తర్వాత మెత్తబడింది.

"ఇంక డిక్రీ రాలే గద. రెండోసారి కోర్టుకు పోయేలోపు ఇద్దరు ఒప్పుకుంటే షరతు మార్చుకోవచ్చు. నేను మెమో రాసిస్త. ఈసారికైతే ఆఖరి దినం, సద్దుల నాడు ఒక్కరోజు పంపుమని అతన్నే అడుగు. మెసేజ్ వెట్టు, ఫోన్ల కొట్లాడకు. పిల్లతోటి మాత్రం అడిగియ్యకు. వినవడ్డదా? పిల్లతోటి అడిగియ్యకు."

రెండుసార్లు చెప్పింది. నేనూ రెండుసార్లు సరే అన్నాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

మెసేజ్ రాశాను. చెరిపాను. ఒకటి అడుక్కున్నట్టు ఉంది. ఇంకొకటి పోట్లాటకు వెళ్లినట్టు ఉంది. చివరి నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని మనుషులం. ఆయన తాగలేదు, కొట్టలేదు — మాట్లాడలేదు, అంతే. నేనూ తక్కువ తినలేదు. ఇప్పుడు రెండు వాక్యాలు రాయమంటే చేయి రావడం లేదు.

సెప్టెంబర్ 24

వండలేదు. కర్రీ పాయింట్‌లో పప్పు. "ఒక్కరికేనా మేడం?" అని నలుగురికీ వినబడేలా అడిగాడు. ఇద్దరికి అన్నాను. సగం పారబోశాను.

సెప్టెంబర్ 26, శుక్రవారం

ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఇవాళ ఎవరూ పూలు పేర్చరు, ఎవరూ ఆడరు. ఈ వారంలో హాయిగా గుమ్మంలో కూర్చున్నది ఈ సాయంత్రమే. వాడకట్టంతా నాలాగే ఉంది. సిగ్గులేని సంతోషం, అయినా సంతోషమే.

సెప్టెంబర్ 27, శనివారం

తప్పు చేశాను.

వీడియో కాల్. వెనకాల మా అత్త గునుగు పూలకు రంగు అద్దుతోంది. నిత్య చేతులు మోచేతుల దాకా గులాబీ రంగు. "అమ్మా, గిటు చూడు! బాపమ్మ మొత్తం నన్నే అద్దుమన్నది!" ఎంత నవ్వో దాని మొహంలో. ఆ నవ్వు చూసి నాకు సంతోషం కలగలేదు. ఇక్కడ దాచుకోవడం ఎందుకు — కుళ్లుకున్నాను.

నోరు ఆగలేదు. "సద్దుల నాడు అమ్మ దగ్గరికి వస్తవా బిడ్డా? డాడీని నువ్వే అడుగు. అమ్మ పంపుమన్నదని చెప్పు."

నవ్వు పోయింది. కాసేపు రంగు చేతుల వంక చూసుకుంది. "అడుగుత" అని పెట్టేసింది.

లాయరమ్మ మాట మరిచిపోయి కాదు. గుర్తుండే చేశాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

నిత్య ఫోన్. చిన్న గొంతు.

"డాడీ వద్దన్నడమ్మా."

"ఎందుకట?"

"ఏమో. వద్దన్నడు."

ఒళ్లు మండింది. ఒక్కరోజు! తొమ్మిది రోజుల్లో ఒక్కటి! లాయరమ్మకు అప్పటికప్పుడే మెసేజ్ పెట్టాను — ఆరో షరతు మారకపోతే నేను రెండోసారి కోర్టుకు రాను, విడాకులూ వద్దు ఏమీ వద్దు, ఎలా వస్తాయో చూస్తాను అని. దానికి మాత్రం చేయి బాగానే వచ్చింది.

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. ఈసారి తిథి పెరిగి ఒకరోజు వెనక్కి జరిగింది. ఆఫీసు లేదు. పూలు కొనలేదు. పెరుగన్నం కలిపి గిన్నె మీద మూత పెట్టాను. ఎవరి కోసమో.

నాలుగింటికి వేణు మెసేజ్. ఇంత పొడుగ్గా ఎప్పుడూ రాయలేదు.

"సద్దులకు నీకు ఆఫీసుల పనున్నదట గద, రావద్దన్నవని నిత్య చెప్పింది. ఒక్కరోజన్న తీస్కపోతవేమో అనుకున్న. మా అమ్మ గూడ పంపుమన్నది. పిల్ల మంచిగ ఆడుతున్నది. ఫికర్ చెయ్యకు."

మూడుసార్లు చదివాను.

నాతో డాడీ వద్దన్నాడని చెప్పింది. ఆయనతో అమ్మ వద్దందని చెప్పింది. ఆయనను అసలు అడగనే లేదు.

అక్కడే ఉండాలనిపించిందా? ఆ మాట నాతో అనడానికి భయపడిందా? రావాలని ఉండీ బాపమ్మ మొహం చూసి ఆగిపోయిందా? మేమిద్దరం మళ్లీ మొదలుపెడతామనుకుందా? ఏదైనా కానీ, ఆ పని దాని నెత్తిన పెట్టింది నేను.

వేణుకు నిజం రాస్తే పిల్ల అబద్ధం బయటపడుతుంది. రాయకపోతే పండగ పూట బిడ్డను వద్దన్న తల్లిని నేను. మా అత్త వాడకట్టంతా చెబుతుంది. బయట ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని చెరువుకు బయల్దేరారు.

రాశాను — "అవును, పని ఉండె. నిత్యను మంచిగ ఆడనియ్యి."

చెరపలేదు. పంపాను.

అక్టోబర్ 3, శుక్రవారం

షరతు మార్చమని మెమో రాయాలా, వద్దా? పొద్దుటి నుంచి లాయరమ్మ రెండుసార్లు అడిగింది. జవాబు ఇవ్వలేదు. వచ్చే ఏడు కూడా ఈ తొమ్మిది రోజులు ఇలాగేనా... తెలియదు.

మధ్యాహ్నం రైలుకు వచ్చారు. ప్లాట్‌ఫారం మీద నిత్య ముందు నా మొహం చూసింది, తర్వాత వాళ్ల డాడీ మొహం చూసింది. మళ్లీ నా మొహం. "పైలం, జాగ్రత్త" అన్నాడు వేణు, ఇద్దరిలో ఎవరితోనో.

ఆటో ఎక్కాం. నిత్య బయటికి చూస్తూనే అడిగింది.

"అమ్మా, ఆఫీసుల పని అయిపోయిందా?"

"అయిపోయింది బిడ్డా" అన్నాను.

నా ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోలేదు.