గరిటె చుక్కలూ, దీపాల ఆఫీసూ

దీపాల ఆఫీసు గుమస్తాగారికి నమస్కారాలు.

నేను మూలింటి మేడగదిలో ఉండి బట్టలు కుట్టుకునేదాన్ని. మా అమ్మాయి సాయంత్రాలు వీధిలో పిల్లల్ని మేడెక్కించి, చాప మీద కూర్చోబెట్టి, ఉత్తరం వైపు గరిటెలా ఉండే ఏడు చుక్కలు చూపించేది. గిన్నెలో నాలుగు చెప్పింది. కాడలో మూడు చెప్పకుండానే జ్వరమొచ్చి పోయింది. మిగతావి నువ్వు చెప్పమని పిల్లలు నా మిషను చుట్టూ చేరుతున్నారు. మొన్న మీరు కొత్తగా వేసిన వీధిదీపం సరిగ్గా పిట్టగోడ పక్కనే వెలుగుతోంది. కాడ కనబడి చావడం లేదు. వానమబ్బులు కమ్మితే మళ్ళీ ఏడాదికే. దయచేసి సాయంత్రం కాసేపు దాన్ని ఆర్పించండి.

ఇట్లు,
మేడ మీది కుట్టుపనామె

తా.క.: నాలుగో చుక్క మసకగా ఉంటుంది. అక్క పోయిందని మసకబారిందంటారు పిల్లలు. కాదు, అది ముందునుంచీ అంతే.

*

అమ్మా,

మీ ఉత్తరం చేరింది. దీపం వెలగడం లేదని రాసేవారే కానీ, ఆర్పమని ఈ ఆఫీసుకు ఇంతవరకు ఎవరూ రాయలేదు. తొందరలో తిరగేసి రాసినట్టున్నారని సరిదిద్దుకున్నాం. చుక్కలకు మా దగ్గర పద్దు లేనందున దీపాల కింద ఎక్కించాం. ఏడు దీపాలు, నాలుగోది మసక, కాడవి మూడూ కనబడటం లేదు. మనిషిని పంపుతున్నాం.

విధేయుడు,
దీపాల గుమస్తా

తా.క.: అమ్మాయి సంగతి చదివి మనసు కష్టపెట్టుకున్నాను. దానికీ మా దగ్గర పద్దు లేదు.

*

గుమస్తాగారూ, నమస్కారం.

మీ మనిషి నిచ్చెనతో వచ్చాడు. "నాలుగోది ఏదత్తా?" అన్నాడు. పిల్లలు చూపించారు. చివరిమెట్టు దాకా ఎక్కి, చెయ్యి చాపి చూసి, దిగొచ్చి మంచినీళ్ళు అడిగాడు. "ఇంకాస్త పొడుగుది కావాలి" అన్నాడు. పోతూ పోతూ మీ దీపాన్ని శుభ్రంగా తుడిచిపోయాడు. ఇప్పుడది ఇంకా బాగా వెలుగుతోంది.

బాబూ, చుక్కలకి స్తంభాలుండవు. పట్టేదేమీ లేకుండానే ఉంటాయి. పొద్దుపోయేకొద్దీ పక్కకి జరుగుతాయి కూడా.

ఇట్లు,
కుట్టుపనామె

తా.క.: కాడలో మధ్యదాని పక్కన బుల్లిది ఇంకోటుందట. కళ్ళు మంచివైతే కనిపిస్తుందని మా అమ్మాయి అనేది.

*

అమ్మా,

మీ రెండో ఉత్తరం చూసి ఆఫీసంతా కంగారుపడింది. స్తంభం లేకుండా వేలాడుతూ, పైగా జరుగుతూ ఉండే దీపాలు ప్రాణానికి ప్రమాదం. అవి చాలనట్టు ఇంకో బుల్లిది కూడా తగిలించారు. వాటికి తీగ ఎక్కడినుంచి లాగారు? అసలు పెట్టించినవారెవరు? వారి చిరునామా వెంటనే తెలుపగలరు.

విధేయుడు,
దీపాల గుమస్తా

తా.క.: పిల్లల్ని కాడ పట్టుకోనివ్వకండి. షాక్ కొడుతుంది.

*

బాబూ,

నేను పెద్దగా చదువుకోలేదు. రాయడంలో తప్పు నాదేనేమో. మళ్ళీ రాస్తున్నాను, నిదానంగా చదవండి. అవి ఆకాశంలో చుక్కలు. నేను పుట్టకముందునుంచీ ఉన్నాయి. ఎవరు పెట్టారో నాకు తెలియదు. మీకు ఆయన చిరునామా దొరికితే ముందు నాకు పంపండి. మీరు తీగ సంగతి తర్వాత అడగొచ్చు. నేను అడగాల్సింది వేరే ఉంది.

ఇట్లు,
పిల్ల తల్లి

తా.క.: కోపంతో రాయలేదు. మిషను మీద పెట్టి రాశాను, అక్షరాలు వణికాయి.

*

అమ్మా,

చిరునామా కోసం ఆఫీసంతా వెతికించాం, దొరకలేదు. విచారిస్తున్నాం.

ఇక, వీధి మలుపుకు ఒకటే దీపం అన్నది మా లెక్క. మీ మలుపున మాది కాక ఏడు, ఒక బుల్లిది ఉన్నట్టు మీ ఉత్తరాల వల్ల రుజువైంది. అదనపువాటిని తొలగించాలని పైఅధికారి ఉత్తర్వు. అంత ఎత్తు నిచ్చెన మా దగ్గర లేదు. అందువల్ల చెయ్యందిన దాన్ని, అంటే మాదాన్నే, తొలగించాం.

విధేయుడు,
దీపాల గుమస్తా

తా.క.: మీ చాప మీద ఇంకొకరికి చోటుందా? వయసు కాస్త ఎక్కువ.

*

బాబూ,

చోటుంది, రా.

నిన్న పిల్లలకి కాడ చూపించాను. మా అమ్మాయి చెప్పినట్టే చెప్పాలని గదిలో ఒక్కదాన్నే అనుకుని చూసుకున్నాను. పైకెళ్ళాక ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. నాకు తోచినట్టే చెప్పాను. ఏడోదాన్ని చూపించాక అందరూ వేళ్ళు మడిచి లెక్క సరిచూసుకున్నారు. తర్వాత ఒక పిల్ల, "దాని పక్కనేముంది అత్తా?" అంది. నాకు తెలియదన్నాను. రేపు తెలుసుకుని రమ్మంది.

ఇట్లు,
కుట్టుపనామె

తా.క.: మలుపు చీకటైపోయింది, దీపం వెయ్యమని వీధి పెద్దలు మీకు ఉత్తరం రాస్తున్నారు. దాన్ని కూడా నా ఉత్తరం చదివినట్టే చదవండి.