రెండు పక్కన ఆరు సున్నాలు

కోరమండల్, కె.జి.ఎఫ్.

ప్రియమైన అనడానికి మనసు రాక, చిరంజీవి సౌభాగ్యకు,

గనిలో ఆ కింది అంతస్తు మూయిస్తానని, అధికారిగా ఉన్న మీ నాయన నాకు మాట ఇచ్చినాడు. మూయించలేదు. లోతులో ఒత్తిడికి రాయి దానికదే పేలి మా తమ్ముడు శేషగిరి అక్కడే ఉండిపోయినాడు. అప్పటికి నువ్వు పలక పట్టుకొని తిరిగే పిల్లవు.

మొన్న క్లబ్బులో గని జ్ఞాపకాల సభ పెట్టినారు. ఆ వారం భూమి అదిరిన కొలతల ఫైలు సంపాదించి, మీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చార్టు గీసినాను. అదురు రోజురోజుకూ పెరిగినా మీ నాయన లెక్కచేయలేదని నలుగురికీ చూపాలని. అంత పొడుగు అంకెలు నా కళ్లకు ఆనవు. సహాయం పేజీలో 'పెద్ద సంఖ్యలకు 0E+0 అని రాయండి' అని ఉంటే అట్లే రాసినాను. పేలుడుకు ముందు ప్రతి రోజుకూ 2E+6 అనే వచ్చింది. చార్టులో పేలుడు రోజు కడ్డీ పై అంచును తాకింది. దాని పక్కన మిగతావన్నీ నేలకు అంటుకున్నాయి.

"అన్నీ ఒకటే కదప్పా, ఇందులో హెచ్చరిక యాడుండాది?" అన్నాడు నాతో గనిలో పనిచేసిన ఈశ్వరప్ప. అందరూ నవ్వినారు.

పేజీ కింద రాసినవారి పేరు చూస్తే నీదే. సగం చెప్పి వదిలేయడం మీ ఇంటి అలవాటు.

గుండూరావు

బెంగళూరు

ప్రియమైన గుండూరావు మామకు నమస్కారాలు.

తిట్టినా సరే, నాయన పోయినాక కోరమండల్ నుంచి వచ్చిన మొదటి జాబు మీదే.

తప్పు నాదే మామా. 2E+6 అంటే రెండు పక్కన ఆరు సున్నాలు, ఇరవై లక్షలు. కానీ 0E+0 అని రాస్తే చుక్క తర్వాతివి కనిపించవు. పదహారు లక్షలైనా ఇరవైనాలుగు లక్షలైనా రెండే చూపిస్తుంది. ఫైలులో అసలు విలువ మారదు. ఈ మాట పేజీలో ఇప్పుడు చేర్చినాను. 0.00E+0 అని పెట్టి చూడండి.

ఏమి తేలినా రాయండి, నాయన గురించైనా సరే.

మీ సౌభాగ్య

కోరమండల్

ప్రియమైన సౌభాగ్యా,

పేజీ చదివినాను. ఇప్పుడు ఎవరికైనా అర్థమవుతుంది. చార్టు మళ్లీ గీసినాను. పేలుడుకు ముందు నాలుగు రోజులకూ వరుసగా 2.41, 2.20, 1.93, 1.58. అదురు పెరగలేదమ్మా, తగ్గుతూ వచ్చింది. అది చూసే మీ నాయన మనుషులను దించినాడు.

ఎవరికీ చూపలేదు. ఈశ్వరప్ప వచ్చి "ఏమప్పా రావూ, ఇంగ నీ కోపం తీరిందా?" అంటే కరెంటు లేదని పంపేసినాను.

ఇంటి నిండా పుస్తకాలు. ఏది తెరిచినా ఎవరో ఎవరినో క్షమిస్తుంటారు. మూసేస్తాను. శేషగిరి పోయినాక ఈ ఇంట్లో నాతో ఉండింది కోపమొక్కటే. రాతి మీద కోపం పెట్టుకొని ఎట్ల బతికేది?

నీ మామ,
గుండూరావు

తా.క. కొలత తగ్గిందని మాట తప్పొచ్చునా? నువ్వు మంచిదానివే. అయినా ఈ ముసలివాడు ఇప్పటికీ తప్పు పట్టేది ఒక్కరినే: మీ నాయన తిమ్మరాయప్పను.