మామ కథ ఉన్న డిస్క్

కోదాడ,
ఫిబ్రవరి 2012

రేణుకత్తకు శనార్తులు.

"ఖాళీ డిస్క్ పంపినవ్ గదరా" అని ఫోన్‌లో తిట్టావు. అది ఖాళీ కాదత్తా. బక్కయ్య మామ చెప్పిన బీరప్ప ఒగ్గు కథ మొత్తం అందులో ఉంది. బొమ్మ మరింత స్పష్టంగా ఉండాలని హెచ్‌డీలో చేశాను కనుక మీ పాత ప్లేయర్ చదవలేదు.

"ఊరోళ్లకు మామూలు డీవీడీ సాలు తియ్" అన్నాడు మా స్టూడియో సేటు. "ఊరోళ్లయి కండ్లు కావా?" అని కొట్లాడి చేశాను. బొమ్మలో కూడా పెద్దోళ్లకొకటి, పేదోళ్లకొకటి ఉండకూడదు. ఇప్పటికీ అదే అంటాను.

కానీ గొంతు ఆపరేషన్ అయ్యాక మామ ఇక కథ చెప్పలేడు. తన కథ తాను వినాలని రోజూ అడుగుతున్నాడన్నావు. అందుకే మామూలు డీవీడీ కూడా చేసి, ఇక్కడొక పాత ప్లేయర్‌లో ఆఖరుదాకా నడిపి చూశాను. ఆదివారం తెస్తాను, వాడకట్టునంతా పిలువు. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది. మామ గొంతు మాత్రం అట్లనే ఖంగుమంటుంది.

నీ మేనల్లుడు