తలుపులంత స్పీకర్లు

అన్నయ్యా, కూర వేడి చేసుకుని తిను. హాల్లో కిటికీ తెరవకు, దుమ్ము పడితే నీ స్పీకర్లు చిటపటలాడతాయి. మధ్యాహ్నం పాత సామాన్ల షాపాయన వాటిని పట్టుకెళ్లడానికి వస్తాడు.

నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. సాయంత్రం అమ్మని తీసుకొస్తే మంచం ఎక్కడ వెయ్యను? నా గది నిండా కుట్టుమిషను, బట్టలు. హాల్లోనేమో అవి తలుపుల్లా నిలబడ్డాయి. గోడకి జరిపితే పాట చచ్చిపోతుందంటావు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

షాపాయన ఫోన్లో నవ్వాడు. "ఇప్పుడు అందరికీ అరచేతిలో పట్టేవే కావాలమ్మా. వీటి లోపలి పలచటి పొర చిరిగితే మళ్లీ వేసేవాడే లేడు. ఊరికే ఇస్తే తీసుకెళ్తా" అన్నాడు. సరేనన్నాను.

పొద్దున నువ్వు పాల కోసం వెళ్లినప్పుడు, పనిచేస్తున్నాయో లేదో చూద్దామని నీ కుర్చీలో కూర్చుని పాట పెట్టాను. ఆ గాయని పాట ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది, మనిషి ఎదురుగా నిలబడినట్టే. ఇన్నేళ్లూ వంటింట్లోంచి వింటే ఇదేం తెలుస్తుంది? ఆ ఒక్క కుర్చీ కోసం ఇల్లంతా ఒదిగి నడిచామని నిన్ను తిట్టుకుంటూనే, లేవలేక కూర్చుండిపోయాను. నువ్వు మెట్లెక్కుతున్న చప్పుడు విని ఆపేశాను.

ఇంకో మాట. షాపాయనకి రావద్దని నువ్వే ఫోన్ చెయ్యి, నాకు నోరు రాదు. అమ్మ మంచం నా గదిలో వేసి, మిషను వంటింట్లోకి జరుపు. రేపట్నుంచి స్టవ్ పక్కనే కుట్టుకుంటాను. థాంక్స్ మాత్రం చెప్పకు, ఏడుపొస్తుంది.