పత్తి సంచి పట్టీ

అన్నా,

నువ్వు పోయాక మొదటిసారి, మనం పత్తి ఏరేవాళ్ల కోసం చేస్తున్న భుజం సంచిని నేనొక్కదాన్నే కుట్టాను. ఒక్కటే కుట్టాను. ఎవరైనా వాడి చూడనిదే రెండోది కుట్టొద్దంటావుగా.

పొద్దున పాలకుర్తి చేనుకు తీసుకెళ్లాను. నిరుడు నీ సంచి వాడిన ఎల్లమ్మక్క ఈసారీ దంతాలపల్లి నుంచి కూలికొచ్చింది. భుజానికేసుకుని "మంచిగుంది చెల్లె" అంది. ఆ మాట నమ్మొద్దనేవాడివి: "మొహమాటానికి గట్లంటరు. తిట్టిండ్రంటే నిజంగ వాడుతున్నట్టు."

అందుకే గట్టు మీదే కూర్చున్నాను. ఎండెక్కేసరికి తిట్టింది.

"గిదేం పట్టీ? భుజం కోస్తాంది! మీ అన్నకు చెప్పు, జర వెడల్పు చెయ్యమను."

నువ్వు లేవని ఆమెకు తెలియదు.

"చెప్తా అక్కా" అన్నాను.

చెప్తున్నా అన్నా. పట్టీ వెడల్పు చెయ్యాలట.