మూడో మెట్టు

హల్, నవంబరు

ప్రియమైన అమ్మకి,

ఫోన్ చెయ్యలేదని తిట్టుకోకు. నీకూ ఆ మోత పడదు కదా, ఉత్తరమే మనిద్దరికీ హాయి.

క్లినిక్ నుంచి మళ్ళీ అదే మాట: "మీ పేరు వరసలోనే ఉంది." నాకు ఆటిజం ఉందో లేదో చూసి చెప్పడానికి నాలుగేళ్ళుగా తిప్పుతున్నారు. ఇక్కడ బడి వంటింట్లో కొత్త మేనేజరు నన్ను వడ్డన దగ్గర నిలబెడుతోంది. పిల్లల గోల, పళ్ళేల మోత. నిన్న తట్టుకోలేక చల్లగదిలోకి పోయి బఠానీ సంచుల మీద కూచున్నాను. "డాక్టరు కాగితం తీసుకురా, అప్పుడు చూద్దాం" అంది మేనేజరు.

ఉద్యోగం సంగతి అలా ఉంచు. నేను పొగరుబోతునా, మొద్దునా, లేక నా తీరే ఇంతా అని నలభై ఆరేళ్ళుగా నలిగిపోతున్నానమ్మా. నాకు తెలియాలి.

నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్ళు ఒకరు క్లినిక్ వాళ్ళతో మాట్లాడాలట. నాన్న లేడు. మిగిలింది నువ్వే. నీ నంబరు ఇవ్వనా?

నీ హేజెల్

—

టాడ్‌మొర్డెన్, డిసెంబరు

హేజెల్ తల్లీ,

నీకేం వచ్చిందే? గోల పడకపోతే జబ్బా? నాకూ పడదు. నా పెళ్ళి విందులో నేను కోట్లు తగిలించే గదిలో దాక్కున్నాను. మీ నాన్న వెతికి వెతికి, నా పక్కనే కూచుని అక్కడే కేకు తిన్నాడు. నన్నెవరైనా డాక్టరు దగ్గరికి పంపారా? మనుషుల మొహంలోకి చూడలేనంటావు. ఎవరు చూస్తారు? కనుబొమల మధ్య చూడాలి. అది అందరికీ తెలిసిందే.

వాళ్ళ కాగితాల్లోకి నీ పేరు ఎక్కనివ్వకు. ఎక్కడం తేలికే, దిగడమే ఉండదు. వద్దన్నానంటే వద్దు.

ఇక్కడ ఒకటే వాన. మెట్ల మీద మళ్ళీ ఆ చప్పుడు, చెక్క దొర్లినట్టు. ఎలకలే అయ్యుంటాయి. నువ్వొచ్చినప్పుడు మూడో మెట్టు మీద కాలు పెట్టకు, వదులైంది.

అమ్మ

—

హల్, జనవరి

ప్రియమైన అమ్మకి,

ఆ మెట్టు వదులైందని నేను పుట్టినప్పట్నుంచీ అంటున్నావు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు తొక్కి చూశాను, రాయిలా ఉంది. నువ్వు మాత్రం ఈ వయసులో కూడా దాన్ని దాటుకుని ఎక్కుతున్నావు. చిన్నప్పుడు అక్కడ కూచుని బొమ్మకారు చక్రం తిప్పుకుంటుంటే రెక్క పట్టి లాగేసేదానివి. ఎందుకమ్మా? ఆ మెట్టు మీద ఏముంది?

నా గురించి బెంగ పెట్టుకోకు. నాలాగే ఎదురుచూసేవాళ్ళు గురువారాల్లో చర్చి హాల్లో చేరుతున్నారు. టీ తాగుతాం, ఎవరి మూల వాళ్ళది. పలకరించుకోం. ఎంత సుఖంగా ఉంటుందో! వాళ్ళలో ఒకావిడ ఎదురుచూసినన్నాళ్ళూ ఒకే కండువా అల్లుతోంది, ఇప్పుడది గుమ్మం దాకా వస్తుంది.

నీ నంబరు ఇచ్చేశాను. కోప్పడు, పర్లేదు.

హేజెల్

—

హల్, మార్చి

అమ్మా,

క్లినిక్ వాళ్ళు నీకు మూడుసార్లు ఫోన్ చేశారట. నంబరు కనపడకుండా చేస్తారు వాళ్ళు. నువ్వు ఎత్తలేదు. నేనైనా ఎత్తను! నంబరు కనపడని ఫోన్ ఎత్తలేనివాళ్ళనే పరీక్షిస్తూ, నంబరు దాచి ఫోన్ చేసే తెలివి వాళ్ళది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మరోసారి ఎత్తకపోతే నా పేరు తీసేసి మళ్ళీ వరస చివర్లో పెడతారు. ఇంకో నాలుగేళ్ళు నేను ఆగలేనమ్మా, నా వల్ల కాదు. వచ్చే మంగళవారం పదింటికి మోగుతుంది. అది క్లినిక్కే. దయచేసి ఎత్తు.

హేజెల్

—

హల్, మే

ప్రియాతిప్రియమైన అమ్మకి,

చెప్పేశారు. ఉందట. బస్సులో ఇంటికొస్తూ ఒకటే ఏడుపు. పక్కాయన పాపం తన చిప్స్ పొట్లం నా ముందు పెట్టాడు. నేను పొగరుబోతుని కాదమ్మా, మొద్దునీ కాదు. నా తీరే ఇంత.

నువ్వు ఫోన్‌లో గంటన్నర మాట్లాడావట! నీ మాటలే ఆసరా అయ్యాయన్నారు. కానీ నీతో మాట్లాడిన క్లినిక్ అమ్మాయి మెల్లగా ఒకటి అడిగింది. "మీ అమ్మగారు సగంసేపు మీ గురించి చెప్పలేదు, ఒక పిల్లాడి గురించి చెప్పారు. లెన్నీ ఎవరు?"

లెన్నీ ఎవరమ్మా?

నీ హేజెల్

—

టాడ్‌మొర్డెన్, మే

నా బంగారు తల్లికి,

లెన్నీ మా అన్న. నాకన్నా మూడేళ్ళు పెద్ద. మాటలు లేవు. ఎప్పుడూ ఈ ఇంట్లోనే, ఈ మూడో మెట్టు మీదే కూచుని ఖాళీ దారపు చెక్క రీలు దొర్లించేవాడు. ఒకరోజు డాక్టరొచ్చి, మా అమ్మని రెండు ప్రశ్నలడిగి, పేరు రాసుకుని పోయాడు. కొన్నాళ్ళకి ఆకుపచ్చ వ్యాను వచ్చి వాణ్ణి తీసుకుపోయింది. ఆదివారం తీసుకొస్తామన్నారు. వాడికి తొమ్మిదేళ్ళు. కొండ మీది పిచ్చాసుపత్రిలోనే పంతొమ్మిదో ఏట పోయాడు. మా ఇంట్లో ఆ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నేనూ రీలు దొర్లించేదాన్ని తల్లీ. ఆ రోజుతో మానేశాను. పక్కింటి పిల్ల ఎలా నవ్వుతుందో చూసి నవ్వడం నేర్చుకున్నాను. కనుబొమల మధ్య చూడటం అప్పుడు నేర్చిందే. వ్యాను శబ్దం వింటే ఇప్పటికీ కర్టెన్ వెనక్కి పోతాను. నువ్వు ఆ మెట్టు మీద కూచుని చక్రం తిప్పితే నాకు కనపడింది వాడే. వ్యాను వచ్చేలోగా లేపెయ్యాలని లాగేదాన్ని.

మంగళవారం పదింటికి ఫోన్ మోగింది, ఎత్తాను. కుర్చీ దాకా తీగ పొడుగు చాలక మూడో మెట్టు మీదే కూచున్నాను, ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆ పిల్ల నీ గురించి ఒక్కొక్కటీ అడుగుతుంటే, "అందులో వింతేముంది, నేనూ అంతే, లెన్నీ అంతకన్నానూ" అంటూ పోయాను. కాసేపటికి ఆ పిల్ల "ఉండండి, రాసుకుంటాను" అంది. చెక్క దొర్లే ఆ చప్పుడు నా పక్కనే వినపడుతోంది. భయం వెయ్యలేదు.

ఒక పని చేసిపెట్టు. నా పేరు కూడా ఆ వరసలో రాయించు. ఎనభై రెండేళ్ళ ముసలిదానికి నాలుగేళ్ళ వరసా అని నవ్వితే నవ్వనీ. నాకూ తెలియాలి.

ఇంకో పేరు కూడా రాస్తారేమో అడుగు. పోయినవాళ్ళవి రాయరని తెలుసు, అయినా అడుగు. లెనర్డ్ షా అని, లెన్నీ అసలు పేరు అదే. వాడి పేరు నా పేరుకన్నా పైన రాయమను. వాడు నాకన్నా ముందు నుంచీ ఎదురుచూస్తున్నాడు.

నీ అమ్మ,
ఎడ్నా